నిండు సంచీల నడక

షట్టరు ఇంకా సగమే లేచింది. అప్పుడే మేనేజరు మూడంతస్తుల సిబ్బందినీ మెట్ల దగ్గరికి పిలిచాడు. ఇద్దరు అమ్మాయిలు చెప్పులు మార్చుకుంటూ ఒంటికాలి మీదే వచ్చి నిలబడ్డారు.

"జనం ఎందుకు రావట్లేదో ఎవరైనా చెప్తారా?" అన్నాడాయన.

చెప్పకేం, అందరికీ తెలుసు. ఊళ్ళో రెండు ఫ్యాక్టరీలకి తాళాలు పడ్డాయి. మూడోది వారానికి మూడు రోజులే నడుస్తోంది. ఆఫీసుల్లో ఉద్యోగాలు నిలిచినవాళ్ళు కూడా జీతం వచ్చిన రోజున జేబు మీద చెయ్యి వేసుకుని నడుస్తున్నారు. సెలవులకి ఇంకా పదకొండు రోజులున్నాయి. మామూలు ఏడాదైతే ఈపాటికి మెట్ల మీద మోచేతులు తగిలించుకోకుండా ఎక్కడం కుదిరేది కాదు. అయితే ఆయనకి కావాల్సిన జవాబు ఇది కాదని కూడా అందరికీ తెలుసు.

"కొట్టు ఖాళీగా కనిపిస్తోంది, అందుకని రావట్లేదు," అని తనే చెప్పాడు. "లోపల పదిమంది కనిపిస్తే పదకొండోవాడు వాడంతట వాడే వస్తాడు. రేపట్నుంచి మీరంతా ఇంటి నుంచి ఒక్కొక్కర్ని తీసుకురండి. సాయంత్రం గంటన్నర చాలు. మన సంచీలిస్తాం. ముందు తలుపులోంచి బయటికెళ్ళాలి, వీధి చివరిదాకా నడవాలి, వెనక సందులోంచి లోపలికి రావాలి. మళ్ళీ ముందు తలుపు. అంతే."

"సంచీల్లో ఏం పెడతారు సార్?"

"చిత్తు కాగితాలు."

ఎవరో కిసుక్కుమన్నారు. మేనేజరు నవ్వలేదు. జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి, వచ్చే టైమూ పోయే టైమూ గుద్దే మిషను పక్కన గోడకి అంటించాడు. ఏ సెక్షన్లో ఎవరు ఎన్ని అమ్మారో రోజూ అందులో రాస్తారట. అడుగున ఒక వాక్యం ఎర్ర సిరాతో ఉంది. సెలవులయ్యాక ప్రతి సెక్షన్లోనూ ఎక్కువ అమ్మిన ఒక్కరే ఉంటారు.

రెండో అంతస్తులో దుప్పట్ల సెక్షన్. అక్కడ ఉన్నదే ఇద్దరు. ఒకామె తొమ్మిదేళ్ళుగా అక్కడే నిలబడి ఉంది. కొట్టంతా ఆమెని దుప్పట్లక్క అంటుంది. రెండో అమ్మాయి చేరి రెండేళ్ళయింది. మనిషి కన్నా ముందు మందపాటి అద్దాలే కనిపిస్తాయి కనుక ఆ పిల్లని కళ్ళజోడు అనేవాళ్ళు. ఆ పిలుపుకి ఆ పిల్ల ఎప్పుడూ కోపం తెచ్చుకోలేదు. ఇద్దరూ ఆ ఎర్ర వాక్యం పక్కపక్కనే నిలబడి చదివారు. చదివాక ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా మెట్లెక్కారు.

ఒక సెట్టు అమ్మాలంటే ఆరు విప్పాలి. విప్పినదాన్ని మళ్ళీ మడవాలి. అంచుకి అంచు కలిపి, మధ్య మడతని గడ్డం కింద నొక్కిపట్టి, చేతులు బారచాపి లాగి, అరచేత్తో ముడత తీసి జిప్పు సంచిలోకి తోయాలి. సాయంత్రానికి దుప్పట్లక్క గడ్డం కింద ఎర్రగా కమిలేది. కూర్చునే స్టూళ్ళని మేనేజరు కిందటి నెలలోనే తీయించేశాడు. నిరుడు మూడు సెట్లు కొన్న ఒకావిడ ఈ ఏడు గంటసేపు అన్నీ తడిమి చూసి, ఒక్క దిండు గలీబు కొని, దానికి రంగు కాగితం చుట్టించుకుని, "కాస్త పెద్ద సంచి ఇస్తావా అమ్మా," అని అడిగింది. దుప్పట్లక్క అన్నిటికన్నా పెద్ద సంచి తీసి ఇచ్చింది.

దుప్పట్లక్క ఇంటికెళ్ళేసరికి అత్తగారు బిస్కెట్టుని టీలో నానబెట్టుకుంటోంది. ఆవిడకి పైవరసలో ఒక్క పన్ను లేదు. పళ్ళ డాక్టరు నోటి అచ్చు తీసుకుని నెల దాటింది. కట్టుడు పళ్ళు తయారై ఆయన అల్మారాలో కూర్చున్నాయి, డబ్బిచ్చి తెచ్చుకోవడమే తరువాయి. ఆ డబ్బు కోసం ఆవిడ రెండేళ్ళపాటు పక్కింటి పసిపిల్లలిద్దర్నీ పగలంతా సాకింది. ఇంతా చేసి ఆవిడ కోరిక, వేయించిన వేరుశెనగ గింజలు కరకరా నమలాలని. ఈ మాత్రానికి ఇంత తతంగమా అని తనే నవ్వుతుంది, నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని.

కోడలు చెప్పేది పూర్తిగా వినకుండానే, "నేనొస్తానే," అంది ఆవిడ.

కొడుక్కి మండింది. ఫ్యాక్టరీకి తాళం పడ్డ నాలుగు నెలల నుంచి అతను రోజూ పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పని వెతుక్కుంటూ వెళ్తున్నాడు. "చిత్తు కాగితాలు మోస్తూ వీధిలో తిరుగుతావా అమ్మా? నలుగురూ చూస్తే?"

"చూడాలనేగా తిప్పుతున్నారు! చూడకపోతే వాళ్ళకి నష్టం కదరా," అంది అత్తగారు.

"లెక్క తగ్గితే తీసేస్తారట అత్తయ్యా," అంది కోడలు.

ఆమె సగమే చెప్పింది. ఇద్దరిలో ఒకర్నే ఉంచుతారన్న మిగతా సగం మింగేసింది. ఎందుకంటే అత్తగారి సంగతి ఆమెకి బాగా తెలుసు. ఇంకో పిల్ల పొట్ట కొట్టే పనంటే ఆ మనిషి గుమ్మం దాటదు.

మర్నాడు అయిదింటికి అత్తగారు ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని, జుట్టుకి నూనె రాసి దువ్వుకుని వచ్చింది. వెనక గదిలో సంచీలు నింపుతున్నారు. అడుగున అట్టముక్క, దాని మీద నలిపిన కాగితాలు, పైన అందరికీ కనిపించేలా ఒక రంగు గుడ్డ అంచు. అత్తగారు రెండు సంచీలు అందుకుని, ఎత్తి చూసి, పెదవి విరిచింది.

"బరువే లేదు కదమ్మా. బరువు లేనిదాన్ని బరువుగా ఎలా మోస్తాను? నాకు నాటకాలు రావమ్మా."

మూల పడి ఉన్న రెండు నీళ్ళ సీసాలు తెచ్చి, ఒక్కో సంచీలో ఒకటి పెట్టుకుంది. దాంతో భుజాలు రెండూ దిగాయి, నడకలో ఆయాసం వచ్చింది. ముందు తలుపు దగ్గర ఒక క్షణం ఆగి, అబ్బా ఎంత కొనేశాను అన్నట్టు నిట్టూర్చి వీధిలోకి దిగింది. పై అంతస్తు కిటికీలోంచి చూస్తున్న దుప్పట్లక్కకి నవ్వాగలేదు. పక్కనే కళ్ళజోడు కూడా పొట్ట పట్టుకుని నవ్వింది.

"మీ అత్తయ్యకి మేనేజరు ఉద్యోగం ఇవ్వాలక్కా!"

కళ్ళజోడు తన మేనత్తని తెచ్చింది. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు. ఆ పిల్లకి ఉన్న దిక్కు ఆవిడొక్కతే. ఆవిడ కుట్టుపని చేస్తుంది, ఇంటి ముందు గదిలో మిషను. ఈమధ్య కొత్త బట్టలు కుట్టించుకునేవాళ్ళే లేరు, పాతవాటికి అంచులు విప్పి పెద్దవి చేయమనేవాళ్ళు తప్ప. మనిషి బక్కగా, మెతకగా ఉంటుంది. మొదటి రోజు సంచి మొహానికి అడ్డం పెట్టుకుని నడిచింది. రెండో రోజు అత్తగారు ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"దొంగతనం చేసినట్టు ఆ నడకేంటి వదినా? తలెత్తు. మనం డబ్బున్నవాళ్ళం, మర్చిపోకు."

అంతే, వరస కలిసిపోయింది. రోజూ సాయంత్రం వదినలిద్దరూ పక్కపక్కనే వీధి చివరిదాకా నడవడం, మలుపు తిరిగాక సంచీలు గట్టు మీద పడేసి మోకాళ్ళు పిసుక్కోవడం, మళ్ళీ వెనక సందులోంచి రావడం. ఎదురుకొట్టు అద్దాల దగ్గర నిలబడి, "అది మరీ చవక రకం, మనకొద్దులే," అని పైకి వినబడేలా అనడం అత్తగారి సొంత కల్పన. కుట్టుపని ఆవిడకి నవ్వాపుకోలేక పొలమారేది.

ఇంటికొచ్చాక కూడా అత్తగారి నోట అవే కబుర్లు. వదిన అలా అంది, వదినకి నడుం నొప్పి, వదిన నా గౌను చూడగానే చంకల దగ్గర వదులైందని పట్టేసింది. దుప్పట్లక్క వింటూ గిన్నెలు తోమేది. ఇప్పుడు చెబుదాం, రేపు చెబుదాం అనుకునేది. రోజులు గడిచే కొద్దీ చెప్పడం కష్టమైంది. ఏడో రోజుకి ఇక చెప్పలేనని ఆమెకే తెలిసిపోయింది.

మేనేజరు లెక్క తప్పలేదు. జనం రావడం మొదలైంది. కొనేవాళ్ళు తక్కువే, అయినా వస్తున్నారు. బయట సంచీలు చూసి, మనమే వెనకబడిపోయామేమోనన్న కంగారుతో వచ్చేవాళ్ళని దుప్పట్లక్క మొహం చూడగానే గుర్తుపట్టేది. ఒక నడివయసు మనిషి భార్యతో, "అందరూ కొంటున్నారుగా, మనకేం వచ్చింది," అని గొణుగుతూనే సెట్టు తీసుకున్నాడు. ఆయన చొక్కా కాలరు తిరగేసి కుట్టి ఉంది. ఆమె అది చూసింది, చూసి బిల్లు రాసింది. గోడ మీద కాగితంలో ఆమె పేరెదురుగా అంకె ఒకటి పెరిగింది. ఆ అంకెని చూస్తే ప్రాణం లేచొచ్చేది, ఆ కాలరు గుర్తొస్తే అంకె మీంచి చూపు తిప్పుకునేది.

పక్క కౌంటర్లో కళ్ళజోడు కూడా అంతే పట్టుగా అమ్ముతోంది. పూర్వం ఒకరు విప్పింది ఇంకొకరు మడిచేవాళ్ళు. ఇప్పుడు ఎవరు విప్పింది వాళ్ళే మడుస్తున్నారు. అన్నం డబ్బాలోంచి చెరో ముద్ద మార్చుకోవడం కూడా మానేశారు. గొడవేం పడలేదు. మాట్లాడుకోవడానికి ఏమీ లేనట్టు ఊరుకున్నారు, అంతే.

పదో రోజు పొద్దున్న లెక్కలో దుప్పట్లక్క మూడు ఎక్కువ. ఉద్యోగం నిలిచినట్టేనని ధైర్యం తెచ్చుకుంది. సాయంత్రం దిగి వచ్చి చూస్తే చెరో అరవై మూడు. ఆ పూట కళ్ళజోడు కౌంటరు దగ్గర పెద్దగా జనమే లేరు. తను కింది గోడౌన్‌కి వెళ్ళిన అరగంటలో మూడు సెట్లు ఎవరు కొన్నట్టు?

అదే సాయంత్రం అత్తగారు మొహం ముడుచుకుని ఇంటికొచ్చింది. "ఇవాళ వదిన నాతో నడవలేదే. మూడు సంచీలు పట్టుకుని, తల వంచుకుని, ఊపుకుంటూ బస్సు స్టాపు వైపు వెళ్ళిపోయింది. పిలిచినా పలకలేదు. నేనేమైనా అన్నానా?"

"ఒంట్లో బాగాలేదేమో అత్తయ్యా."

"ఏమో. అయినా అలా ఊపుకుంటూ వెళ్తే చూసినవాళ్ళు ఏమనుకుంటారు? కాగితాలని ఇట్టే తెలిసిపోదూ?"

పదకొండో రోజు. మర్నాటి నుంచి సెలవులు. పొద్దున టీ దగ్గర అత్తగారు బట్ట పర్సు పక్కన పెట్టుకుని కూర్చుంది. ఆ మధ్యాహ్నం పళ్ళ డాక్టరు రమ్మన్నాడు. కొడుకు తోడొస్తానన్నాడు కానీ, ఎవరిదో లారీలో సామాను దించే పని దొరికిందని తెల్లారకుండానే వెళ్ళిపోయాడు. ఇస్త్రీ చొక్కా వేసుకోకుండా అతను వెళ్ళడం ఆ నాలుగు నెలల్లో అదే మొదటిసారి.

"ఎంతకొచ్చిందే నీ లెక్క?"

"అరవై మూడు."

"ఇంకా ఎన్ని తక్కువ?"

కోడలు చెప్పు పట్టీ బిగించుకుంటోంది. తల ఎత్తలేదు.

"ఒక్కటి," అంది.

అత్తగారు ఇంకేమీ అడగలేదు. బిస్కెట్టు మెత్తబడి టీలో పడిపోతే చెంచాతో తీసుకుని తింది. ఆ మాట ఎందుకన్నదో దుప్పట్లక్కకి దారంతా తెలియలేదు. అడిగితే చెప్పింది. అబద్ధం కాదు కదా. కానీ ఆ పర్సు తన కళ్ళ ముందే ఉంది. పర్సు చూడకముందు అన్నదా, చూశాక అన్నదా? బస్సులో ఎంత ఆలోచించినా అది తేలలేదు.

ఆ రోజు ఒక్క సెట్టు కూడా కదల్లేదు. కొనేవాళ్ళు కొనేశారు, మిగతావాళ్ళు తడిమి వెళ్ళిపోయారు. మేనేజరు చేతులు వెనక్కి కట్టుకుని రెండు కౌంటర్ల మధ్యా పచార్లు చేస్తున్నాడు. మధ్యాహ్నం మూడవుతుండగా మెట్ల మీద అత్తగారు కనిపించింది. మంచి బట్టలు, నూనె జుట్టు. చేతిలో మాత్రం సంచీలు లేవు. అది చూసేసరికి ఆవిడ ఎందుకొచ్చిందో దుప్పట్లక్కకి అర్థమైంది.

"అమ్మాయ్, ఆ నీలం పువ్వులది తీసి చూపించు."

"అత్తయ్యా, డాక్టరు దగ్గరికి వెళ్ళలేదా?" అంది గొంతు తగ్గించి.

"ఎవరమ్మా అత్తయ్య? కొనడానికొచ్చిన వాళ్ళతో వరసలు కలుపుతారా ఈ కొట్లో?" ఆవిడ గొంతు అంతస్తంతా వినబడింది. "విప్పు, విప్పు. విప్పకుండా ఎలా కొంటాను?"

దుప్పట్లక్క విప్పింది. నీలం పువ్వులు బల్ల మీద పరుచుకున్నాయి. అత్తగారు అంచు చేత్తో రాసి చూసింది, వెలుతురుకి ఎత్తి పట్టింది, వాసన కూడా చూసింది. పక్క కౌంటర్లో కళ్ళజోడు ఒక దుప్పటి మడత గడ్డం కింద నొక్కిపట్టి, అలాగే నిలబడి చూస్తోంది.

"ఉతికితే రంగు పోతుందా?"

అయిపోయింది, స్టాకు లేదు, వెళ్ళిపోండి అనాలి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇంతలో మేనేజరు వచ్చి నిలబడ్డాడు. రోజూ సంచీలు మోసే పెద్దావిడ ఎవరో ఆయనకి తెలియకపోవడమేమిటి, శుభ్రంగా తెలుసు.

"నమస్కారమమ్మా. రోజూ చూస్తున్నాను మిమ్మల్ని, చాలా బాగా నడుస్తున్నారు," అన్నాడు నవ్వుతూ. ఆ మొహంలో ఇసుమంత సిగ్గు కూడా లేదు. "పెద్దావిడని నిలబెట్టావేంటమ్మా? అడిగినదానికి జవాబు చెప్పు."

"రంగు పోదండీ," అంది దుప్పట్లక్క. "సెట్టుతో పాటు రెండు దిండు గలీబులు వస్తాయి."

తొమ్మిదేళ్ళుగా రోజుకి వందసార్లు అన్న మాట అది. అనాలనుకున్నది ఒకటైతే, నోట వచ్చింది అదే.

అత్తగారు పర్సు తెరిచింది. రబ్బరు బ్యాండు వేసిన నోట్లతో పాటు డాక్టరు చీటీ కూడా బయటికొస్తే, దాన్ని వెనక్కి తోసింది. నోట్లు లెక్కపెట్టడానికి వేలు నోట్లో తడి చేసుకుంది. కోడలు ఆ నోటి వంక చూడలేక, తల వంచుకుని బిల్లు పుస్తకం అడుగున కార్బన్ సరిచేసింది.

"సెలవుల సేల్లో కొన్నది మళ్ళీ వెనక్కి తీసుకోరు," అంది. అది రూలు. చెప్పి తీరాలి.

"వెనక్కిచ్చే మనిషిలా కనిపిస్తున్నానా నేను?"

రంగు కాగితం చుట్టి సంచీలో పెట్టి ఇస్తే అత్తగారు అందుకుని, ఎవరికీ కనబడకుండా కోడలి వేళ్ళు ఒక్కసారి నొక్కి వదిలింది. మెట్లు దిగుతూ మధ్యలో ఆగి ఆయాసం తీర్చుకుంది. ఈసారి సీసాలు లేవు, ఆయాసం నిజమైనదే. దుప్పట్లక్కకి వెనకే పరిగెత్తి ఆ సంచి లాక్కోవాలనిపించింది. కౌంటరు వదిలి వెళ్ళకూడదు. వెళ్ళలేదు.

ఆ రోజు ఆరింటికే షట్టరు దించారు. గోడ మీద కాగితంలో అరవై నాలుగు, అరవై మూడు. మేనేజరు ఒక అంకె చుట్టూ సున్నా చుట్టి, "సెలవుల తర్వాత కలుద్దాం," అన్నాడు. ఎవరితో అన్నాడో ఎవరి మొహమూ చూడలేదు.

వెనక గదిలో కళ్ళజోడు తన డబ్బా, దువ్వెన, విడి చెప్పులు ఒక గుడ్డసంచీలో సర్దుకుంటోంది. దుప్పట్లక్క తలుపు దగ్గర నిలబడింది. లోపలికి రావాలా, ఇలాగే వెళ్ళిపోవాలా తెలియలేదు.

"రా అక్కా. నేనేం కొరకను," అంది ఆ పిల్ల. అద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. "మీ అత్తయ్య ఏ డబ్బు పెట్టి కొన్నారు?"

"పళ్ళ డబ్బు."

"మా అత్త మిషను అమ్మేసింది. నిన్న."

దుప్పట్లక్క తలుపు దగ్గర్నుంచి లోపలికొచ్చింది.

"ఆ మూడూ ఆవిడే కొంది. పొద్దున ఎవరో వచ్చి మిషను పట్టుకెళ్ళారు, సాయంత్రం ఆ డబ్బు తెచ్చి నా కౌంటర్లో పెట్టింది. వద్దన్నాను. మేనేజరు వచ్చి పక్కన నిలబడ్డాడు." గుడ్డసంచి మూతి ముడి వేసింది. "వీధిలో మీ అత్తయ్య పిలిచారట. ఏ మొహం పెట్టుకుని మాట్లాడనే, వాళ్ళ కోడల్ని వెళ్ళగొట్టడానికి కొన్నాను కదా అని రాత్రంతా ఒకటే ఏడుపు. వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు ఎంత మంచిగా ఉన్నారో చూశావుగా అక్కా."

"నా మీద కోపంగా లేదా?"

"ఉంది," అంది కళ్ళజోడు. "కానీ నువ్వు నాకు మడత పెట్టడం నేర్పావు." సంచి భుజాన వేసుకుని వెనక సందులోంచి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చేసరికి అత్తగారు మంచం మీద కొత్త దుప్పటి పరిచి, దాని మీద కూర్చోకుండా పక్కన కుర్చీలో కూర్చుని చూసుకుంటోంది. కొడుకు ఇంకా రాలేదు.

"నిలిచిందా?"

"నిలిచింది అత్తయ్యా."

"హమ్మయ్య!" రుమాలు అడ్డం పెట్టుకోవడం మర్చిపోయి నోరారా నవ్వింది. "పళ్ళెక్కడికి పోతాయే! ఆ డాక్టరు ఇంకెవరికైనా పెడదామన్నా పట్టవు. నా నోటికే కదా అచ్చు తీశాడు. వచ్చే ఏడు చూద్దాం. మరి ఆ పిల్లకి? కళ్ళజోడు లెక్క కూడా సరిపోయిందా?"

దుప్పట్లక్క చెప్పులు విప్పుతోంది. పాదాలు ఉబ్బి పట్టీ ఊడి రావడం లేదు.

"అరవై మూడు అత్తయ్యా."

"చేరి రెండేళ్ళేగా, ఆ పిల్లకి నీకన్నా తక్కువ లెక్కే పెట్టుంటారు! మంచిదైంది. పాపం, వదిన దాని గురించి తెగ దిగులుపడేది." ఆవిడ లేచి గోడకి తగిలించిన పాత గౌను తీసి కోడలి ఒళ్ళో పెట్టింది. "ఇక సంచీలు మోసే గొడవ లేదు కదా, తీరిగ్గా ఒకసారి వదినని మనింటికి రమ్మనాలి. నన్ను చూసి ఎందుకు తల తిప్పుకుందో అడగాలి. సెలవులవగానే ఆ పిల్లకి ఈ గౌను ఇచ్చెయ్. చంకల దగ్గర మిషను మీద చెరో కుట్టు వెయ్యమన్నానని చెప్పు. నేనిస్తే వదిన డబ్బు పుచ్చుకోదు, నువ్వే ఆ పిల్ల చేతిలో పెట్టు. చెప్తావు కదూ?"

"చెప్తానత్తయ్యా," అంది.

గౌను అంచుకి అంచు కలిపి, మడత గడ్డం కింద నొక్కిపట్టి, చేతులు బారచాపి లాగింది. ముడత లేకుండా అరచేత్తో రాసి, రోజూ పనికి పట్టుకెళ్ళే సంచీలో పెట్టింది.